ఆరని రాతిగోడ, ఆగని ఆదివారం

శామీర్‌పేట దగ్గర మా ఇంటి ముందుగోడ రాతిది. రాళ్ల మీద పాచి ఎంత ఏపుగా పెరిగిందంటే, మేకలవాళ్లు ఆగి మేతకు బేరమాడతారేమోనని నాకు భయం. ఆషాఢం రాగానే మా ఆవిడ తేల్చి చెప్పింది.

"ఆదివారం దాంక గోడకు రంగు పడితే బోనం ఈన్నుంచే ఎత్తుత. లేకుంటే అల్వాల్ల మా అక్క ఇంటినుంచి ఎత్తుత."

సొంతింట్లో లేవాల్సిన మొదటి బోనం వదినగారింట్లో లేవడమా! కాలు నిలవక నిచ్చెన కోసం మేడ్చల్ బజారుకు పరుగెత్తాను. అక్కడొక అల్యూమినియం నిచ్చెన ఎక్కి చూస్తే నిజామాబాద్ కనిపించింది. దిగేదాకా కళ్లు మూసుకున్నాను. ఇంకోటి నా బరువుకు మూలిగింది. "గది మామిడికాయలు తెంపేటందుకు సార్" అన్నాడు దుకాణదారు జాలిగా. చివరికి పచ్చి వెదురు నిచ్చెన కొన్నాను.

ఆటోవాడు గల్లీ మొదట్లోనే దించేశాడు. ముందు సాయానికొచ్చిన పక్కింటాయన, వెనక నేను, నిచ్చెనను అడ్డంగా భుజాలకెత్తుకుని నడిచాం. గల్లీ గల్లీ అంతా నిశ్శబ్దమైంది. చాయ్ బండి దగ్గరివాళ్లు లేచి చెప్పులు విడిచారు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు పోలే. గీయన గోడకు రంగేస్తడట" అన్నాడు పక్కింటాయన, నడక ఆపకుండా.

ముసలాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎక్కినంక కబురు జెయ్యుండ్రి."

గేటు దగ్గర మా ఆవిడ అడ్డం నిలబడింది. "పాడె లెక్క పండవెట్టి తెస్తరా? లేపి తీస్కరాండ్రి." లేపితే పైన కరెంటు తీగ. వంచితే మళ్లీ పాడె. ఏటవాలుగా పట్టుకుని ఎలాగో లోపలికి తెచ్చాక, ఆమె మెట్టుమెట్టుకూ పసుపు రాసింది.

రాయి మీద జారకుండా నిచ్చెన కొసలకు గోనెసంచి చుట్టాను. ఇనుప బ్రష్షుతో పాచి గీకాను, వదులైన సిమెంటు పెకిలించి సందులు నింపాను, గోడంతా కడిగాను. ఇక ఆరడమే. రాతికి ప్లాస్టిక్ కవరు అంటించి, లోపల చెమ్మ పట్టకపోతేనే రంగు వేయమన్నాడు రంగుల కొట్టతను. నేను ఆ కవరును పురిటిగది తలుపులా చూస్తూ తిరిగాను. అన్నం ముద్ద చేతిలో ఉండగానే లేచి వెళ్లి చూశాను. చెరువు వైపు నుంచి మబ్బు రాగానే దాన్ని బతిమాలాను, తిట్టాను కూడా.

శనివారం మధ్యాహ్నానికీ కవరు లోపల నీటిచుక్కలే. రంగు డబ్బా మూత తీసి, కలిపి కూర్చున్నాను. మా ఆవిడ బయటికొచ్చింది.

"ఆరిందా?"

ఆరిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆరలే. ఇప్పుడేస్తే పెచ్చులు పెచ్చులు ఊడుతది."

ఆమె రాతి మీద అరచెయ్యి పెట్టి చూసింది, తడిని కొంగుకు తుడుచుకుంది. లోపలికి పోయింది. నేను డబ్బా మూత బిగించాను. వదినగారింటికి ఏ బస్సు పట్టుకోవాలా అని ఆలోచిస్తుంటే, ఆమె చేతినిండా వేపమండలతో వచ్చింది. కొంగు దోపుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది.

"గట్టిగ పట్టుకోండ్రి."

పిట్టగోడకు తాడు కట్టి, మండలు వేలాడదీస్తూ పోయింది. రాళ్లు ఒక్కొక్కటే ఆకుల వెనక్కి వెళ్తున్నాయి. అంతలో వదినగారి ఫోను. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పైకెత్తాను.

"ఏమే, రేపు ఎన్ని గంటలకొస్తున్నరు?"

"మేం రాం అక్కా, మీరే ఇటు రాండ్రి. బోనం ఈన్నుంచే. ఇగ వెట్టెయ్, నిచ్చెన మీదున్న."