కుర్చీల మేడం

ఆవిడకు ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు కుర్చీల మేడం. ప్రభుత్వ ఆఫీసుల్లో వేధింపుల ఫిర్యాదులు విచారించడం ఆవిడ పని. సాక్షి ఏ కుర్చీలోంచి చూశానంటే ఆ కుర్చీలో తానూ కూర్చుని చూస్తే తప్ప కలం కదలదు. ఇంట్లో అత్తగారిదీ అదే వేళాకోళం. "మా కోడలు కుర్చీలు పరీక్షిస్తుంది" అని ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వేది. ఆమె కూడా ఒకప్పుడు ఉద్యోగం చేసిందే, టెలిఫోన్ ఆపరేటరుగా. ఒంట్లో బాగోక మానేశానంటుంది.

ఈసారి ఫిర్యాదు ఒక టైపిస్టుది. పై అధికారి గదిలోకి పిలిచి చెయ్యి పట్టుకున్నాడని. అసలే తాత్కాలిక ఉద్యోగం. ఫిర్యాదు అబద్ధమని తేలితే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. అధికారి తరఫున ఐదుగురు సాక్షులు. "తలుపు తెరిచే ఉందండీ. మా సీట్లలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. ఏమీ జరగలేదు." ఐదు నోళ్ళదీ ఒకటే మాట. చిలక పలుకులని తెలుస్తూనే ఉంది. కానీ తెలిస్తే చాలదు, రుజువు కావాలి.

ఆవిడ ఆ హాలుకు వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఫైళ్ళ బీరువా, అధికారి గది తలుపు దాని చాటున. రెండో కుర్చీ, మూడో కుర్చీ, అక్కణ్ణించీ బీరువానే. నాలుగోదానికి ఒక కాలు పొట్టి, పడబోయి నిలదొక్కుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది. ఐదోది సాక్షుల్లో ఒకడైన అటెండరు స్టూలు, అక్కణ్ణించీ అంతే.

"ఈ బీరువా ఎప్పట్నుంచి ఇక్కడుందయ్యా?"

"నేను చేరిన్నాటి నుంచీ ఇక్కడేనమ్మా. కదపాలంటే పదిమంది కావాలి" అని నాలిక్కరుచుకున్నాడు.

"మరి నీకు తలుపెలా కనబడింది?"

అతను తల దించుకున్నాడు. "కనబడలేదమ్మా. అయ్యగారు అలా చెప్పమన్నారు. పిల్లలు గలవాణ్ణి. ఆ అమ్మాయి ఏడుస్తూ బయటికి రావడం మాత్రం చూశాను."

ఆ మాట ఎక్కడిదక్కడ రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించింది. తక్కిన నలుగురూ ఒక్కొక్కరే దారికొచ్చారు. అధికారి సస్పెండయ్యాడు. టైపిస్టు తన సీట్లోనే ఉంది.

ఆ హాలుకు వెళ్ళొచ్చిన సాయంత్రమే అత్తగారు అడిగింది. "ఇవాళ ఎన్ని కుర్చీలే?"

"ఐదు, అత్తయ్యా." జరిగిందంతా చెప్పింది.

ఈసారి అత్తగారు నవ్వలేదు. "నా కుర్చీలో కూర్చుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరే. నువ్వప్పుడు ఉండుంటే, నేను ఆ ఉద్యోగం మానేదాన్నా?" అంది.

కోడలు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పక్కింటావిడతో అత్తగారు, "మా కోడలు కుర్చీలు పరీక్షిస్తుంది" అనే చెప్పింది. ఈసారి తలెత్తి చెప్పింది.