తడిసిన పొట్టు

కంబదూరు నూనె మిల్లులో వేరుశనగ పప్పు మీది ఎర్ర పొట్టును ఒకప్పుడు నీళ్లు కాచే పొయ్యిలో వేసేవారు. అందులో ఒంటికి మేలు చేసే పదార్థాలున్నాయని, వాటిని తీసి మందుల్లో వాడతామని ఒక కంపెనీ ఆ పొట్టు కొనడం మొదలుపెట్టింది. చౌడేశ్వరి పొట్టును ఆరబెట్టేది. తిప్పేస్వామి బస్తాలకెత్తేవాడు.

ఒకరోజు కంపెనీ వ్యాను వచ్చి నిలబడింది. చివరి బస్తా నిండలేదని తిప్పేస్వామి గోడవారగా తడిసి పడున్న పొట్టును అందులో కుక్కాడు. బూజు పట్టిందని కంపెనీ సరుకంతా తిప్పి పంపింది. సరిగా ఆరబెట్టలేదంటూ యజమాని చౌడేశ్వరిని అందరి ముందూ తిట్టి పనిలోంచి తీసేశాడు. తిప్పేస్వామి తల వంచుకుని బస్తాలు కుట్టే సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత అతనికి అన్నం సయించలేదు. చివరికి ఆమె కూలికి పోయిన కంది చేనికే వెళ్లాడు.

“తప్పు నాదే అక్కా. తడి పొట్టు నేనే కలిపినా.”

చౌడేశ్వరి కొడవలి ఆపలేదు. “నేను ఆరబెట్టినానో లేదో నాకు తెలీదా ఏమప్పా? ఈడ నాకు చెప్తే ఏమొస్తాది? ఆ తిట్లు విన్నోళ్లందరి ముందర చెప్పు.”

మరునాడు మిల్లు వాకిట్లో అందరి ముందూ చెప్పాడు. వెనకున్నవాళ్లు వినబడలేదంటే మళ్లీ చెప్పాడు. యజమాని అతన్నేమీ అనకుండా చౌడేశ్వరికి కబురు పంపాడు. ఆమె తిరిగి పనిలోకి వచ్చింది. పక్కపక్కనే పనిచేస్తున్నా, తిప్పేస్వామి ఇప్పటికీ ఆమె ముఖం చూసి మాట్లాడలేడు.