నేను యోగేశ్‌నైన పూట

మనుషులు తప్పిపోవుడు మీరు మస్తు సార్లు చూసి ఉంటరు. కానీ తప్పిపోయినోడు లెక్కల సక్కగ ఉండి, ఆఖరికి "అసలు నేనెవర్ని?" అని తన గడ్డం తానే తడిమి చూసుకున్న సంగతి ఎక్కడన్న విన్నరా? వినకుంటే నిమ్మలంగ కూసోండ్రి. కొన్నేండ్ల కింద, పెండ్లయి పిల్లలున్న ఇంత పెద్ద మనిషిని, హిమాలయాల నడుమ నేను చేసుకున్న సత్యనాశనం గిది.

నా పేరు యాదగిరి. కంచన్‌బాగ్‌ల ఒక కార్ఖానాల ఫిట్టర్‌ని. గౌస్ భాయ్ నా చిన్నప్పటి దోస్తు, చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. ఒకనాడు దుకాణంకొచ్చిన ఎవరో మంచుకొండల ఫోటోలు చూపిచ్చిన్రంట. సాయంత్రం ఉరుక్కుంట మా ఇంటికొచ్చిండు.

"యాద్గిరీ, ఐదు రోజులు అడవిల, కొండల మీద నడుసుడంట. రోడ్డు లేదు, ఆటో లేదు, హారన్ లేదు!"

"ఏం లేనికాడికి పోవుడెందుకు భాయ్?"

"ఏం లేదనే పోవాలె యార్!"

ఈ మాటకు అర్థం నాకు ఇయ్యాల్టికీ తెల్వదు. కానీ "సరే" అన్న. నెల దినాలు పొద్దుగాల మలక్‌పేట నుంచి చార్మినార్ దాక బరువు బ్యాగులు మోసుకుంట నడక నేర్సినం. తొవ్వల మమ్ముల్ని చూసినోళ్లందరు "ఇల్లు ఖాళీ జేస్తున్నరా?" అని అడిగిన్రు.

చార్మినార్ బజార్ల నడుసుడు మీకెరికే గదా. కింద చూస్తే బండి గుద్దుతది, పైకి చూస్తే గుంతల పడ్తవ్. ముందున్నోని వీపు మీద కండ్లు పెట్టి పోవుడొక్కటే మార్గం. చిన్నప్పటి సంది నేను గౌస్ భాయ్ వీపు పట్టుకునే నడిచిన. గీ విద్య హిమాలయాలల్ల గూడ పనికొస్తదనుకున్న. ఆడనే బోల్తా పడ్డ.

మొదటి దినమే వాన. కొండ కింద ఒక్కటే దుకాణం, అందరికి ఒక్కటే తీరు నీలం రంగు రెయిన్‌కోట్లు కిరాయికిచ్చిండు. తల మీదికెల్లి మోకాళ్ల దాక, వీపు మీది బ్యాగుతో సహా కప్పేస్తది. మా బ్యాచ్ పదహారు మంది, మా ఎనుకొచ్చిన పూణే బ్యాచ్ గూడ పదహారు మంది. పొగమంచుల ముప్పై రెండు నీలం మూటలు కొండెక్కుతున్నట్టే ఉండె.

నడిమిట్ల ఒక చాయ్ గుడిసె, రెండు బ్యాచులు ఆడనే ఆగినయి. ఆడికెల్లి తొవ్వ రెండు చీలికలైతది. ఎడమ తొవ్వ మాది, కుడి తొవ్వ పూణేవాళ్లది. మర్నాడు పగటీలి రెండూ ఒక పెద్ద మైదానంల కలుస్తయి. గుడిసెల కూసొని, భుజాలు విరిగిపోతున్నయని బ్యాగు విప్పిన. అడుగున, నా స్వెట్టర్ల సుట్టి, ఏముండెనో చెప్పండ్రి? ఇస్త్రీ పెట్టె!

"గౌస్ భాయ్, ఏంది గిది?"

"కోపానికి రాకు. మంచు మీద ఫోటో దిగాలె గదా, ముడతల అంగీతోనా?"

"గీడ కరెంటేడిది?"

గౌస్ భాయ్ ఆలోచిచ్చిండు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టిందని ముఖం చూస్తెనే తెలిసింది.

"నా బ్యాగులెందుకు పెట్టినవ్?"

"నా బ్యాగు బరువైతది గదా!"

ఇగ లొల్లి మొదలైంది. "పారేస్త" అన్న. "పెండ్లికి మా మామ ఇచ్చిండు, పారెయ్యకు" అన్నడు. "మాఫీ అడిగెదాక నీతోటి మాట్లాడ" అని ఇస్త్రీ పెట్టె మల్ల బ్యాగులనే ఏస్కొని, గుడిసె ఎనుక పోయి కూసున్న. కోపమొచ్చిన మనిషి బరువు పారెయ్యాలె గని మోస్తడా? నేను మోసిన. గట్లాంటోన్ని.

సీటీ కొట్టిన్రు. నీలం మూటలు లేసినయి. ఉరికిపోయి గౌస్ భాయ్ ఎనుక నిలబడ్డ. ఆ వీపు ఎడల్పు నాకు పక్కా తెలుసు, గాజుల బీరువా తీరుగ ఉంటది. నాలుగు గంటలు నడిచినం. నేను మాట్లాడలే, ఆయన గూడ వెనక్కి తిరిగి చూడలే. "ఎంత పొగరు! కనీసం నీళ్లు తాగుతవా అనడే!" అని లోపల లోపలనే ఉడికిపోయిన.

క్యాంపుకొచ్చినం. గౌస్ భాయ్ తల మీది టోపీ తీసిండు.

లోపల ఒక పెద్దామె! నెరిసిన కొప్పు, ముక్కుపుడక.

"ఏం బాబూ, నాలుగు గంటల సంది నా ఎనుకనే ఊపిరి పీలుస్తున్నవ్, పానం బాగలేదా?" అని హిందీల అడిగింది. ఇగ అన్ని మాటలు హిందీలనే నడిచినయి, మీకోసం నేను మనదాంట్ల చెప్తున్న.

సీటీ మెడల ఏస్కున్న లీడర్ మేడం దగ్గరికి ఉరికిన. ఆమె మూటలను లెక్కపెడుతుండె. "పదహారు. సరిపోయింది."

"మేడం, నేను మీ బ్యాచ్ కాదు!"

మేడం లిస్టు తీసి పేర్లు పిలిచింది. పదిహేను మంది చెయ్యి లేపిన్రు. పదహారో పేరు యోగేశ్. ఎవ్వరు పలుకలే. అందరు నా దిక్కు చూసిన్రు. అసలు యోగేశ్ ఎట్లుంటడో ఎవ్వరికి తెల్వదు. ఒక్కడే వచ్చిండంట, పొద్దటి సంది రెయిన్‌కోట్లనే ఉండెనంట.

"నేను యాదగిరిని మేడం, హైదరాబాద్!"

మేడం పక్కనున్న పెద్దామెతోటి మెల్లగ అన్నది: "ఎత్తుల గాలి తక్కువుంటది గదా. కొంతమందికి బుర్ర తిరిగి పేరు గూడ మర్చిపోతరు."

"నేను మర్చిపోలే!"

"మర్చిపోయినోళ్లందరు గట్లనే అంటరు, యోగేశ్ గారూ. ఆధార్ కార్డు చూపియ్యుండ్రి."

ఆధార్ కొండ కింద ఆఫీసుల జమ చేసుకున్నరు. ఫోను వాన నీళ్లు తాగి చచ్చింది. "నక్కో మేడం, హౌ మేడం" అని మా పాతబస్తీ హిందీల కాదని, అవునని మొత్తుకుంటుంటే ఆమె ఫికర్ ఇంకింత పెరిగింది. "మాట గూడ తడబడుతుంది" అని నా బ్యాగుల పేరు దొరుకుతదేమోనని ఎతికింది. ఇస్త్రీ పెట్టె బయటికొచ్చింది.

క్యాంపులున్నోళ్లందరు దాని సుట్టు మూగిన్రు.

"గిది... ఎందుకు తెచ్చుకున్నవ్ నాయనా?" మేడం గొంతు చిన్న పిల్లలతోటి మాట్లాడినట్టు మెత్తగైంది.

"నాది కాదు, గౌస్ భాయ్‌ది!"

"గౌస్ భాయ్ ఎక్కడున్నడు?"

"ఈమె తీరుగనే ఉంటడు" అని పెద్దామెను చూపిచ్చిన.

ఇగ అంతే. నన్ను రెండు కంబళ్లల్ల సుట్టి, వెల్లుల్లి సూపు తాగిచ్చుడు షురూ జేసిన్రు. కాళ్లు మొక్కుతనంటే, మేడం వైర్‌లెస్‌ల మా లీడర్‌ను పిలిచింది. మా బ్యాచ్ ఇంక తొవ్వలనే ఉంది.

"మీ బ్యాచ్‌ల ఎవరన్న తక్కువున్నరా?"

"లేదు మేడం. పదహారు మంది."

"యాదగిరి అనే మనిషున్నడా? గౌస్ అనే ఆయన్ని అడుగుండ్రి."

కొంచెం సేపు గరగర. మల్ల జవాబొచ్చింది: "ఉన్నడంట మేడం. ఆయన పక్కనే నడుస్తున్నడంట. కోపంల ఉన్నడు, కదిలియ్యకుండ్రి అంటున్నడు."

మీరే చెప్పండ్రి, ఇగ నేనేం జెయ్యాలె? నలభై ఏండ్ల దోస్తు సాక్ష్యం జెప్పిండు, యాదగిరి ఆడ ఉన్నడని. యాదగిరి ఆడుంటే ఈడున్నదెవరు? గడ్డం తడిమి చూసుకున్న. పూణే ఎట్లుంటదో యాదికొస్తదేమోనని కండ్లు మూసుకొని చూసిన. సూపు పట్టుకొని పెద్దామె "యోగేశ్ బేటా" అని పిలిస్తే, మీ దగ్గర దాసుడెందుకు, "ఆఁ" అని పలికిన.

గంటసేపటికి వైర్‌లెస్ పలిగిపోయేటట్టు గౌస్ భాయ్ కేక: "యాద్గిరీ! ఏడున్నవ్ రా! నీ కోట్ల వేరే మనిషున్నడు!" ఆ గొంతులున్న ఏడుపు వింటే నాకు పానం లేసొచ్చింది. నేను నేనే!

మర్నాడు పగటీలి మైదానంల రెండు బ్యాచులు కలిసినయి. గౌస్ భాయ్ ఉరికొచ్చి నన్ను అలుముకున్నడు. ఆయన ఎనుక ఒక సన్నటి, సిగ్గరి మనిషి నిలబడ్డడు. యోగేశ్.

"గింత సన్నగున్నోన్ని చూసి నేననుకున్నవా?"

"కొండలెక్కి బక్కపడ్డవనుకున్న."

"ఒక్క పూటల్నా! సరే, మాఫీ అడుగు."

"మల్లనా? నిన్న నాలుగు గంటలు అడిగిన గదా!"

"ఎవర్ని?"

గౌస్ భాయ్ యోగేశ్ దిక్కు చూసిండు. యోగేశ్ తల వంచుకున్నడు. "నేను యాదగిరిని కాదని చెప్దామనుకున్న అన్నా. కానీ ఆయన ఆపకుంట ఏడుస్తనే ఉన్నడు. నడుమల మాట్లాడుడు మర్యాద కాదనిపిచ్చింది."

"నాకైతే ఇంకోసారి అంత ఏడుపు రాదు యార్" అన్నడు గౌస్ భాయ్. "ఆయన దగ్గర తీస్కో."

యోగేశ్ మంచోడు. నా చెయ్యి పట్టుకొని, కండ్లు మూసుకొని, ఒక్క ముక్క వదలకుంట ఒప్పజెప్పిండు: "యాద్గిరీ, నన్ను మాఫ్ జెయ్యి. ఇస్త్రీ పెట్టె నీ బ్యాగుల పెట్టుడు నా తప్పే. నువ్వు లేకుంటే నాకు చార్మినార్‌ల గూడ తోచదు. ఎనిమిదో తరగతిల నీ కొత్త సైకిల్ మూసీల పడేసింది గూడ నేనే, దొంగలెత్తుకపోయిన్రని అబద్ధం చెప్పిన."

నేను మెల్లగ తిరిగిన. గౌస్ భాయ్ అప్పటికే కొండ సగం ఎక్కిండు. ఐదు దినాల నడకల ఆయన గంత స్పీడు పోవుడు మల్ల చూడలే.

కాబట్టి మహాజనులారా, నా భార్యాపిల్లల సాక్షిగ ఒట్టేస్తున్న: ఈ జన్మల ఎంత కోపమొచ్చినా, ఎంత వాన కొట్టినా, టోపీ లేపి ముఖం చూడకుంట ఎవ్వరి మీద గూడ అలుగ.