రాని నెలసరికి మూడు రోజులు

చేవెళ్లలో మాది కిరాణా దుకాణం, వెనకే ఇల్లు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రెండో ఏట, రాని నెలసరి వచ్చినట్టు ఆరు నెలలపాటు నటించాను. ఎందుకంటే సిగ్గు, భయం. ఎక్కువ భాగం భయమే.

డిగ్రీ చివరి ఏడాదిలో నాకు జబ్బు చేసింది. ఎవరో నా వెంట పడుతున్నారని, దారిన పోయేవాళ్లంతా నా గురించే మాట్లాడుకుంటున్నారని గట్టిగా నమ్మాను. మొయినాబాద్‌లో మానసిక వైద్యుడి దగ్గర మందులు మొదలుపెట్టాకే మళ్లీ మనిషినయ్యాను. ఈ సంగతి పెళ్లికి ముందే మా ఆయనకు చెప్పాను. అత్తమ్మకు మాత్రం అవి తలనొప్పి గోలీలు.

పెళ్లయిన ఏడాదికి డాక్టరు మోతాదు పెంచారు. ఆ తర్వాతి నెల నెలసరి రాలేదు. నాకంటే ముందు అత్తమ్మే కనిపెట్టింది. మా ఇంట్లో అదేమంత కష్టం కాదు. నెలసరి వస్తే ఆడవాళ్లు మూడు రోజులు బయట ఉన్నట్టే లెక్క. వంటింట్లోకి, దేవుడి గదిలోకి వెళ్లరు. ముందు గదిలో చాప, విడిగా కంచం, గ్లాసు. కోడలు చాప పరవలేదంటే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

"బిడ్డా, నూనె డబ్బ లేపకు. జర పైలం," అంది అత్తమ్మ. నాకు నెల తప్పిందన్న మాట సాయంత్రానికల్లా ఎదురింటికీ పక్కింటికీ పాకింది. మా ఆయన షాబాద్ పోయి వస్తూ జామపండ్లు తెచ్చాడు. ఆయన పండ్లు తెచ్చే మనిషి కాదు. తీరా పరీక్ష చేసుకుంటే ఒక్క గీతే వచ్చింది, కడుపు కాదు. అత్తమ్మ నన్నొక్క మాట అనలేదు. రెండు రోజులు మాత్రం సరిగా అన్నం తినలేదు. తిట్టినా బాగుండేది.

మరుసటి నెల కూడా రాలేదు. మళ్లీ ఆ సంబరం, ఆ తర్వాత ఆ వాడిపోయిన మొహాలు చూసే ఓపిక నాకు లేదు. "అత్తమ్మా, నేను బయట ఉన్న," అని చాప పరిచాను.

ఇక నెలనెలా అదే నాటకం. మా దుకాణంలోంచే ప్యాడ్ల ప్యాకెట్ తీసుకునేదాన్ని. మరకైనా లేని ప్యాడ్లను పేపర్లో చుట్టి చెత్తలో వేసేదాన్ని. నడుము నొప్పని మూలిగేదాన్ని కూడా. నాలో ఇంత నటి ఉందని నాకే తెలియదు. నొప్పితో ఉన్నానని అత్తమ్మ వేడివేడి చాయ్ తెచ్చి కాస్త ఎడంగా పెట్టి, గిన్నెలన్నీ తానే తోముకునేది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసేది. మా ఆయన్ని కూడా ఆ మూడు రోజులు దూరంగానే ఉంచేదాన్ని.

ఆ గోలీలు నా గర్భాన్ని ఎండబెట్టేశాయని, ఇక నాకు పిల్లలు పుట్టరని నమ్మాను. ఎవరినీ అడగలేదు. నా అంతట నేనే రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు నిద్ర కరువైంది. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు కందిపప్పు బేరం ఆడుతుంటే, నా గురించే అనుకుంటున్నారనిపించి తూకం వదిలేసి లోపలికి పరుగెత్తాను. మా ఆయన చూశాడు. మర్నాడు బండి మీద మొయినాబాద్ తీసుకెళ్లాడు.

ఆ రోజు కొత్త డాక్టరమ్మ ఉంది. నిద్ర, ఆకలి అడిగాక, "నెలసరి ఎట్ల వస్తున్నది?" అంది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"సరిగ్గనే వస్తున్నది మేడం. నెలనెలా బయట ఉంటది. ఆ ఫికర్ లేదు."

ఎంత నమ్మకంగా చెప్పాడో! ఆమె రాసుకోబోయింది. నా అబద్ధం ఆయన నోట నిజమై కాగితం మీదికి ఎక్కుతుంటే ఆగలేకపోయాను.

"వస్తలేదు మేడం," అన్నాను. "ఏడు నెలలైతున్నది. గోలీలు గూడ దినం తప్పి దినం ఏసుకుంటున్న."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. ఈ రకం గోలీ కొందరిలో పాలు పడే హార్మోనును పెంచుతుందని, అది పెరిగితే నెలసరి ఆగిపోవచ్చని, గర్భం రావడమూ కష్టం కావచ్చని చెప్పింది. రక్తపరీక్ష రాసింది. "అవసరమైతె మందు మార్చొచ్చు. చానమందికి మల్ల వస్తది, పిల్లలు గూడ అయితరు. నీ అంతట నువ్వు ఆపకు. రిపోర్టు వచ్చేదాక రోజూ ఏసుకో," అంది. ఇంత మాత్రం దానికి ఇన్నాళ్లు కుమిలిపోయానా అని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

తిరిగి వస్తూ కనకమామిడి బస్ స్టేజీ దగ్గర ఆయన బండి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"అమ్మకు చెప్పకపోతివి, సరె. నాకెందుకు చెప్పలే?"

"మొదటి నెల నువ్వు గూడ మస్తు సంబరపడ్డవు. పిల్లలు కావాల్నా, నేను మంచిగుండుడు కావాల్నా అంటె ఏమంటవో అని భయమైంది."

లారీలు పోతున్నాయి. నా కాపురం నిలిచేదీ లేనిదీ అక్కడే, ఆ రోడ్డు పక్కనే తేలిపోతుందనిపించింది.

"పొద్దున గోలి ఏసుకున్నవా?" అన్నాడు చివరికి.

లేదన్నాను. బండి దిగి, ఎదురుగా ఉన్న కొట్లో నీళ్ల బాటిల్ కొనుక్కొచ్చి, నేను సంచిలోంచి గోలీ తీసి మింగేదాకా నా ముందే నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి నా కోసమో, ఇంకా పుట్టని బిడ్డ కోసమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.