సారు అడవికి నేను మసి పూసిన రోజు

మా డ్రాయింగు సారు పోయారని మొన్న మా ఊరు మక్తల్ నుంచి వచ్చిన చుట్టం చెప్పాడు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాను. ఆయన వేసిన అడవికి మసి పూసిన ఘనత నాదే మరి.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. నేను తొమ్మిదో తరగతి. సారు సెలవుల్లో బస్సెక్కి మన్ననూరు పోయి, నల్లమలలో చెట్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకొచ్చేవారు. గీత గీయరు. కుంచెతో చుక్కలూ, పొట్టి పూతలూ పెడుతూ పోతారు. ఒక పూత పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి చూస్తారు. అలా నడిచే రెండుసార్లు ముళ్లపొదలో పడ్డారట. "ఎండ మనకోసం ఆగదు బిడ్డా, మనమే ఉరకాలె" అనేవారు.

ఆ ఏడు తెచ్చిన బొమ్మను ఆరడానికి క్లాసులో పెట్టారు. నేను నేతవాళ్ల పిల్లను. బట్టను ముక్కుకు ఆనించి చూడడం మా ఇంటి అలవాటు. బొమ్మనూ అలాగే చూశాను. అంతా గజిబిజి. పైగా నీడలన్నీ ఊదారంగు! సారు పెట్టెలో నల్లరంగే లేదు. పాపం, కొనలేకపోయారనుకున్నాను. దీపం మసి నూనెలో నూరి తెచ్చి, ఎవరూ లేనప్పుడు నీడలన్నీ దిద్దాను.

మర్నాడు చూస్తే అడవి తగలబడినట్టుంది. నేనే చేశానని ఒప్పుకున్నాను. సారు తిట్టకుండా కుంచెలన్నీ పెట్టెలో పెట్టి మూత వేశారు. ఇక కుంచె ముట్టనివ్వరని బెంగతో అన్నం సయించలేదు. సంగతి తెలిసి మా నాన్న, అదే బాపు, బడికొచ్చి, క్షమించమని సారును బతిమాలాడు. తర్వాత దూరంగా నిలబడి, మసి అంటని మూలను చాలాసేపు చూసి నావైపు తిరిగాడు.

"నిలువుగ నీలం పడుగు వెట్టి అడ్డంగ ఎర్ర పేక ఏస్తె ఏం కనవడతది? ఊదానే గద. ముక్కు వెట్టి చూస్తె పోగులే కనవడతయి. సారు గూడ గట్లనే నేసిండు."

సారు ముఖం విప్పారింది. తాను పట్నంలో నాలుగేళ్లు నేర్చుకున్నది బాపు మగ్గం మీదే నేర్చాడన్నారు. కిరసనాయిలు గుడ్డతో మసి తుడిస్తే కింది ఊదారంగూ వచ్చేసింది. కుంచె నా చేతిలో పెట్టారు.

"చెడగొట్టిన చెయ్యే బాగు జెయ్యాలె. మీ బాపు లెక్క నెయ్యి బిడ్డా."

ఆ రోజు తిట్టి ఉంటే మళ్లీ కుంచె పట్టేదాన్ని కాదు. ఇవాళ నేనూ డ్రాయింగు టీచర్‌నయ్యానంటే అది ఆయన చలవే.

ఆ పూట నీలం పక్కన ఎరుపు, ఎరుపు పక్కన నీలం పెడుతూ పోయాను. పొద్దు వాలేసరికి బొమ్మలో చెట్ల కింద ఊదా నీడ పరుచుకుంది. బాపు దాన్ని వేలితో చూపించి, "గీడ మగ్గం ఏసుకోవచ్చు సారూ, సల్లగుంటది" అన్నాడు. ఎంత జాగా పడుతుందని సారు అడిగారు. ఇద్దరూ ఆ చెట్ల మధ్య మగ్గానికి చోటు వెతుకుతూ నిలబడిపోయారు.