తిన్నారా అని అడిగిన ఫీడు

తెలుగులో బ్లాగులు కొత్తగా పుడుతున్న రోజులవి. నేను పలమనేరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. సాయంత్రం బడి వదలగానే బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పరుగు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెర మీద తెలుగు పడుతుంటే, ఒక్కో దీర్ఘానికీ మురిసిపోయేదాన్ని.

నేను రాసేవన్నీ అమ్మ కబుర్లే. అందుకో కారణముంది. తిరుపతిలో చదివేటప్పుడు నేను ‘ఉండాది’ అన్నప్పుడల్లా కోస్తా నుంచి వచ్చిన పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నాకసలే ముక్కు మీద కోపం. మా అమ్మ మాట్లాడే తెలుగును అక్షరం మార్చకుండా నలుగురి చేతా చదివించాలని అప్పుడే పంతం పట్టాను. బ్లాగుకు ‘అమ్మ మాట’ అని పేరు పెట్టాను. అది చాలక అందులో వేసే ప్రతి టపాకూ, అంటే ప్రతి రాతకూ, అదే పేరు పెట్టాను.

టపాలన్నీ ఒకేలా మొదలయ్యేవి కూడా. “అబ్బా, అందరూ బాగుండారా? తిన్నారా? యాళకు తినాల, అదే బలం.” ఇది అమ్మ షరతు. మా వైపు పెళ్ళికి పిలవడానికొచ్చినా, పోట్లాటకొచ్చినా ముందు తిన్నారా అని అడగాల్సిందే. ఆ తర్వాతే ఏ కబురైనా.

ఇంటికి రాగానే అమ్మ అడిగేది. “ఎవురన్నా వచ్చినారా పాపా?”

“ఇంగా లేదుమా.”

చాపలు పరిచి చుట్టాల కోసం ఎదురుచూసే మనిషిలా ఆమె ముఖం చిన్నబోయేది. నా రాతలు అడవి గాచిన వెన్నెలైపోయాయని నాకూ దిగులు పట్టుకుంది.

మా బడిలో కంప్యూటరు చెప్పే సారు ఒక దారి చూపించాడు. తెలుగు బ్లాగులన్నీ ఒకేచోట కనిపించే సైటు ఉందట. మన బ్లాగు ఫీడు అడ్రసు వాళ్ళకిస్తే చాలు, కొత్త టపా వేసినప్పుడల్లా దాని పేరూ, మొదటి రెండు వరుసలూ వాటంతటవే ఆ సైటులో పడతాయి. అక్కడ చూసి నచ్చినవాళ్ళు మన బ్లాగుకొస్తారు. ఆ రోజే అడ్రసు పంపించి, ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

“అమా, ఫీడు ఇచ్చేసినా!”

“నిన్ననే కదా మే, మూట తెచ్చినాము? మళ్ళా ఎవురికిస్తివి?” అంది అమ్మ, కంగారుగా కొట్టం వైపు చూస్తూ. మాకు రెండు ఆవులుండేవి. మా ఊళ్ళో ఫీడంటే దాణానే.

అది కాదని విడమరిచి చెప్పాను. అంతా విని, “ఏదైతే ఏమి, మేత ఏస్తేనే కదా వచ్చేది” అని తేల్చేసింది.

మేత వేశాం. ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు ఆ సైటు వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. మీ ఫీడు పాడైనట్టుంది, ఒకే టపా మళ్ళీ మళ్ళీ వస్తోంది, బాగుచేసేదాకా ఆపి ఉంచాం అని రాశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాత టపాలు ఎలా పడ్డాయో చూద్దామని మొదటిసారి ఆ సైటును చదివేవాళ్ళ కళ్ళతో చూశాను. అమ్మ మాట: అబ్బా, అందరూ బాగుండారా? తిన్నారా? దాని కిందా అదే. ఆ కిందా అదే. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గడప దగ్గరే నిలబెట్టి తిన్నారా తిన్నారా అని చంపుతుంటే లోపలికెవరొస్తారు?

“ఇంగ ఆ ముక్క తీసేస్తానమా” అన్నాను ఇంటికొచ్చి.

“తిన్నారా అని అడగనిది నా మాట ఎట్లవుతాది? నా పేరు తీసెయ్” అంది అమ్మ.

“అయితే బ్లాగే మూసేస్తాను!”

ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా సంగటి చల్లారిపోయింది. పొద్దున్నే అమ్మ నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని, పితికిపప్పు కూరకని తొక్కలు పితుకుతూ, నా వైపు చూడకుండానే అంది. “పొయ్యేటప్పుడు అడగరాదా? కబురంతా చెప్పి, లేస్తా ఉంటే అడుగు. వాకిట్లో అడిగేది ఊరికే మర్యాదకు. లేచేటప్పుడు అడిగితే కూసోబెట్టి పెట్టేదానికి.”

సాయంత్రమే కొత్త టపా రాశాను. దానికి ‘మంచు పడితేనే అనపకాయకు వాసన’ అని పేరు పెట్టాను. మొదటి వరుసలోనే పితికిపప్పు ఘుమఘుమలు, చివరి వరుసలో అమ్మ ప్రశ్న. ఫీడు బాగానే ఉందని, తప్పంతా మా మర్యాదదేనని సైటు వాళ్ళకు రాశాను. వాళ్ళు నవ్వుకున్నారేమో, మళ్ళీ చేర్చుకున్నారు.

మర్నాడు బ్లాగు తెరిస్తే టపా కింద వ్యాఖ్యలు! ఇంటికి పోయి అమ్మను లాక్కొచ్చాను. నెట్ సెంటరులో స్టూలు మీద కొంగు సర్దుకుని కూర్చుంది. నేను చదివాను.

“తిన్నామక్కా. మాది పాకాల. ఈడ హాస్టల్లో అనపకాయ యాడ దొరుకుతాది? మీ టపా చదివి ఆకలేసింది. మీరు తిన్నారా?”

అమ్మ తెర వైపే చూస్తోంది. “మన మాటే రాసినాడే” అంది మెల్లగా. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“వచ్చినోళ్ళను కాసుకోబెట్టకూడదు. ఇంగా తినలేదని రాయి పాపా. నీకోసరమే సూస్తా ఉండామని రాయి.”