గ్యాస్ గోలీ చాటున

ఎస్తేరు సంగతి చెప్పేవాళ్లు దాన్ని ఒకే మాటతో ముగిస్తారు: మేడం, అంటే డాక్టరునైన నేను, తిట్టిన తిట్లకు పిల్ల ఒంట్లో రక్తం దానంతటదే పెరిగిందని. యాప్రాల్‌లో వాళ్ల చర్చి హాల్లో ఆమెకు సన్మానం జరిగినప్పుడు పరుగు నేర్పిన కోచ్ బాల్‌రాజ్ మైకు పట్టుకుని ఇదే చెప్పాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. తిట్లతో రక్తం పెరిగేటట్టయితే నా సర్వీసు మొత్తంలో ఈ చుట్టుపక్కల రక్తహీనత అన్న మాటే మిగలకూడదు. పైగా నేను తిట్టిన ఆ తిట్లలో పెద్ద వాటా పడింది బాల్‌రాజ్‌కే. నిరుడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను కాబట్టి ఇప్పుడు తీరిక ఉంది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2022 వానాకాలంలో నన్ను మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. కాగితాల్లో హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, గది బయట బోర్డు మీద వైద్యాధికారి, జనం నోట డాక్టరమ్మ. మూడూ ఒకటే ఉద్యోగం. మా స్థాయిలో రక్తహీనతకు ఒక పద్ధతి ఉంది. హిమోగ్లోబిన్ చూడాలి, నులిపురుగుల మాత్ర మింగించాలి, ఐరన్ మాత్రలు మొదలుపెట్టి నెల తరవాత మళ్లీ చూడాలి. సాధారణంగా అప్పటికి ఒక గ్రాము దాకా పెరుగుతుంది. పెరగకపోతే ‘మాత్రలు సరిగా వాడటం లేదు’ అని ఓపీ చీటీ మీద రాసి పంపేయడం చాలామందికి అలవాటు. ఆ వాక్యం అంటే నాకు మొదటి నుంచీ మంట. మాత్ర లోపలికే పోలేదా, పోయి కూడా ఒంటికి పట్టలేదా అని అడగకుండానే నేరం రోగి మీద మోపే వాక్యం అది.

ఎస్తేరు చీటీ మీద అదే వాక్యం రెండుసార్లు ఉంది. ఆమెకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాత పరీక్ష గట్టెక్కితే చలికాలంలో దేహదారుఢ్య పరీక్షలు, వాటిలో ఎనిమిది వందల మీటర్ల పరుగు. తండ్రి పోయాడు. తల్లి రాహేలమ్మ ఒక బడిలో ఆయా. ఈ ఒక్కసారికే చూస్తాననీ, రాకపోతే చదువు మాన్పించి బట్టల షోరూంలో పెడతాననీ ఆమె తేల్చి చెప్పేసింది. పిల్ల చేతిలో ఉన్నది ఆ ఒక్క పరుగే.

బాల్‌రాజ్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. పైసా తీసుకోకుండా పిల్లలకు పరుగు నేర్పుతాడు. మంచివాడే. ఎస్తేరును వెంటబెట్టుకుని వచ్చి, ఆమెను పక్కన నిలబెట్టుకునే నాతో అన్నాడు:

“మేడం, రెండు రౌండ్లు ఉరికితే సాలు, గీ పిల్ల కూలవడ్తది. గోలీలిస్తే పారేస్తాంది. జర గట్టిగ జెప్పుండ్రి. గిట్లయితే ఇగ గ్రౌండ్‌కు రావద్దంట.”

“పారేస్తలేను సార్, ప్రభువు తోడు,” అంది ఎస్తేరు. అప్పటికే కళ్లలో నీళ్లు.

“పారేస్తుంటె మీరు జూసిన్రా బాల్‌రాజ్ గారూ?”

“సూడలే మేడం. గని ఏస్కుంటే రక్తమెందుకు పెరగది?”

“గదే నేను గూడ అడుగుతున్న. మీరు జవాబు ముందుగాల జెప్పి, ఎనుక సవాలు అడుగుతున్నరు. గంతే తేడా.”

ఆ రోజు నుంచి మాత్ర మా ఏఎన్ఎం నర్సమ్మ కళ్ల ముందే వేసుకోమన్నాను. నెల తిరిగింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరే కూర్చుంది, కదల్లేదు. పారేస్తోందన్న మాట అక్కడితో చచ్చిపోయింది. నెలసరిలో రక్తస్రావం మామూలే. పురుగుల మాత్ర అయింది. టీతో మాత్ర మింగే అలవాటు లేదు. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష, అడుగంటిందని తేల్చింది. మరి ఇచ్చిన ఇనుము ఎటు పోతోంది?

పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తూ అడిగితే, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టవుతుందనీ, రొమ్ము ఎముక కింద మంటగా ఉంటుందనీ చెప్పింది. చిన్నప్పటి నుంచీ అంతేనట. చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి అది జబ్బు అని ఎవరికీ తోచలేదు.

కడుపు గోడకు అంటుకుని బతికే ఒక క్రిమి ఉంది, పేరు హెలికోబాక్టర్ పైలోరీ. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది. చాలామందిలో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. కొందరిలో మాత్రం కడుపు లోపలి పొరను వాచేలా చేసి, ఆమ్లాన్ని తగ్గించి, తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మలం నమూనాలో దాని జాడ పట్టే పరీక్ష జిల్లా ల్యాబులో ఉంది. పంపాను. లేదని వచ్చింది.

బాల్‌రాజ్‌కు ఆ కాగితం కళ్లెర్ర చేయడానికి పనికొచ్చింది. ల్యాబులోని పాథాలజిస్టు, నా కంటే పదేళ్లు చిన్నవాడు, ఇక ఆ దారి వదిలేసి నరానికి ఐరన్ ఎక్కించమని ఫోన్లో సలహా ఇచ్చాడు. సలహా తప్పేం కాదు. కానీ కారణం తెలియకుండా ఎక్కించిన ఇనుము ఆరు నెలల్లో మళ్లీ కరిగిపోతే ఆ పిల్లను ఎవరు తిట్టాలో అతను చెప్పలేదు.

మా దగ్గర ఒక వాడుక ఉంది. గ్యాస్ గోలీని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. ఏం మందులు వాడుతున్నావంటే ఏమీ లేవంటారు, అబద్ధం కాదు, నిజంగా అలాగే అనుకుంటారు. తల్లీకూతుళ్లను ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రశ్న మార్చాను. పొద్దున లేచింది మొదలు నోట్లోకి ఏమేం పోతాయో వరసగా చెప్పమన్నాను. పళ్లపొడి నుంచి మొదలైంది.

“ఐరన్ గోలీ కడుపుల మంట లేపుతాంది గదా మేడం,” అంది రాహేలమ్మ. “గందుకే పరగడుపున ఒక గ్యాస్ గోలీ ఇస్త.”

“రోజూనా?”

“రోజు ఇస్త. పిల్లకు మంట లేస్తె సూస్కుంట ఎట్ల ఊకుంట? ఉత్త గ్యాస్ గోలీనే మేడం, మందు గాదు.”

ఆమె ప్రేమతో ఇస్తున్న ఆ గోలీ రెండు పనులు చేస్తోంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, ఇనుము ఒంటికి పట్టడాన్ని ఇంకా కష్టం చేస్తోంది. క్రిమిని చంపకుండా అణిచిపెట్టి, పరీక్షకు దొరక్కుండా దాస్తోంది. నమూనా తీయడానికి రెండు వారాల ముందే ఆ గోలీ ఆపాలి. ఆపించాను. మంటకు మజ్జిగ తాగమన్నాను, ముద్దలు చిన్నవి చేసుకోమన్నాను. అంత త్వరగా అదే పరీక్ష మళ్లీ ఎందుకని పాథాలజిస్టు అడ్డం తిరిగాడు. కారణం రాసి సంతకం పెట్టి పంపాను, ఫోన్లో మరికొంత చెప్పాను. ఆ మరికొంత ఇక్కడ రాయను. ఈసారి క్రిమి ఉందని వచ్చింది.

చికిత్స పద్నాలుగు రోజులు: రెండు రకాల యాంటీబయాటిక్‌లు, వాటితో పాటు ఆమ్లం తగ్గించే గోలీ. చీటీ చూసి రాహేలమ్మ నా బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

“గిదేంది మేడం? గిదే గోలీ నాతోని బందు జేపిస్తిరి, మల్ల మీరే రాస్తున్నరు? నేనిస్తె తప్పు, మీరిస్తె మందా?”

నా సర్వీసులో నాకు ఎదురైన మంచి ప్రశ్నల్లో అదొకటి. యాంటీబయాటిక్‌లు బాగా పనిచేయడానికి ఈ పద్నాలుగు రోజులూ దాని తోడు కావాలనీ, పదిహేనో రోజున అది ఇంట్లో కనిపిస్తే నేనే వచ్చి తీసుకుపోతాననీ చెప్పాను.

కోర్సు జరిగినన్నాళ్లూ, తరవాత కొన్ని వారాలూ పరుగు వద్దు, నడక చాలు అన్నాను. బాల్‌రాజ్ నా గదికి వచ్చి, నడిచేవాళ్లకు పోలీసు ఉద్యోగం ఇవ్వరని గొంతు పెంచాడు. నేను తిట్టింది అప్పుడే, అతన్నే. ఎనిమిది గ్రాముల రక్తంతో మీ సైన్యంలో ఎవరినైనా ఉరికించారా అని మొదలుపెట్టి చాలా దూరం వెళ్లాను. వరండాలో కూర్చున్నవాళ్లు విన్నది అదే. నేను పిల్లను తిట్టానన్న కథ అక్కడే పుట్టింది.

కోర్సు తరవాత ఐరన్ అదే, మోతాదు అదే. నెలకే హిమోగ్లోబిన్ కదిలింది. నవంబరులో మళ్లీ చేసిన పరీక్షలో క్రిమి లేదు. దేహదారుఢ్య పరీక్షల నాటికి రక్తం పదకొండు దాటింది. ఎస్తేరు ఉరికింది, గడువు లోపలే గీత దాటింది. తరవాతి మెట్లన్నీ తన చదువుతో తనే ఎక్కింది. ఇప్పుడు యూనిఫాంలో ఉంది. ఆ పరుగులో నా వాటా ఎంతో నాకు తెలుసు, దాన్ని తగ్గించుకునే వినయం నాకు లేదు.

దీన్ని బట్టి రక్తం తక్కువున్న ప్రతి పిల్లకూ ఆ క్రిమి ఉందని ఎవరూ అనుకోవద్దు. ఎక్కువమందికి కారణాలు వేరే, తిండి, నెలసరి, పురుగులు. నేను నేర్చుకున్నది ఇంతే: చికిత్స పనిచేయనప్పుడు ముందు చికిత్సను అనుమానించాలి, రోగిని తరవాత. పరీక్ష లేదన్నప్పుడు, ఏ స్థితిలో లేదందో అడగాలి.

ఒక్క వాదన మాత్రం ఓడిపోయాను. ఎస్తేరుకున్న ఆ మంటే రాహేలమ్మకూ ఉంది, త్రేన్పులూ తెల్లబారిన గోళ్లూ కూడా ఉన్నాయి. పరీక్ష చేయించుకోమని ఎస్తేరు కోర్సు మొదలైన రోజే చెప్పాను, పరుగు అయ్యాక చెప్పాను, సన్మానం రోజు భోజనాల దగ్గర మళ్లీ చెప్పాను. నా విస్తట్లో ఇంకో గరిటె బగారన్నం వేస్తూ నవ్వింది.

“నాకెందుకు మేడం? నేనేమన్న ఉరకాల్నా?”

ఎవరితోనైనా వాదించి నెగ్గగలనని పేరున్నదాన్ని. ఏం చెప్తే ఆమె ఒప్పుకునేది?